టైపు మేడమ్ గారి చిరునామాల పుస్తకం

పోయిన నెల మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. జ్ఞాపకార్థ కూడిక కరపత్రం. పైన సిలువ బొమ్మ, "ప్రభువునందు నిద్రించిన" అన్న మాటలు, వాటి కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ఆ పేరు ఎవరిదో గ్రూపులో సగం మందికి తెలియలేదు. "ఎవరండీ ఈవిడ?" అని అడిగారు. "మన టైపు మేడమ్ గారండీ, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చేవారే" అని ఎవరో చెప్పాక చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. నేనూ ఒకటి పెట్టి, ఫోను బోర్లించేశాను.

నాకు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకప్పుడు నా సీట్లో తీరిగ్గా కూర్చుని ఆ పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ రాశాను. అది చాలు. అలా ఎందుకు రాశానో ఒప్పుకోవడానికే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

గవర్నర్‌పేటలో మా ఇంటర్మీడియట్ కాలేజీ హెడ్డాఫీసు. బెజవాడలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న బ్రాంచీలన్నిటికీ వారం వారం ఒకే పరీక్ష. ఆ ప్రశ్నపత్రాలు లెక్చరర్లు చేత్తో రాసిస్తే టైపు చేసేది ఆమె. నేను కంప్యూటర్లు, మెయిళ్ళు చూసుకునే సిస్టమ్స్ వాణ్ణి. ఆమెకి యాభై దాటాయి, నాకు ముప్ఫై రాలేదు. ఆమె నన్ను "బాబూ" అనేది, మీరు అనేది. ఆ రెండూ కలిపి పిలవడం ఆవిడకే చెల్లింది.

ఎక్కడ కూర్చోబోయినా ముందు కుర్చీ తుడిచేది. హైవే పక్కన ఇల్లు, లారీల దుమ్ము తుడిచీ తుడిచీ అలవాటైపోయింది. మా ఏసీ గదిలో దుమ్మెక్కడుంది? అయినా బ్యాగులోంచి మడత పెట్టిన పాత బట్ట తీసేది, కుర్చీ, కీబోర్డు, మౌసు, చివరికి పక్కవాళ్ళ కుర్చీ కూడా తుడిచి అప్పుడు కూర్చునేది. ఒకసారి చైర్మన్ గారి గదిలో కూడా అలాగే తుడవబోయింది. ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు. మధ్యాహ్నం అన్నం చెంచాతో తినేది. "చేతికి నూనె ఉంటే కాగితానికి అంటుతుందండీ, పిల్లలు రాసే పేపరు కదా" అనేది. ఆవకాయ అన్నాన్ని చెంచాతో తినే మనిషిని ఈ జిల్లాల్లో నేను ఇంకెక్కడా చూడలేదు.

ఫిజిక్సు, కెమిస్ట్రీ ఒక్క ముక్క రాదు. పదో తరగతి తర్వాత టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరానని చెప్పేది. కానీ ఆమె చేతి మీదుగా వెళ్ళిన పేపర్లో తప్పు రావడం నేనెరగను. దానికొక పద్ధతి ఉంది. పేపరు టైపయ్యాక చివరి ప్రశ్న నుంచి మొదటి ప్రశ్నకి, ఒక్కో ప్రశ్నలోనూ కింది వాక్యం నుంచి పై వాక్యానికి చదివేది. "పైనుంచి చదివితే అర్థం లాక్కుపోతుందండీ. తప్పులు కనపడవు. కింది నుంచి చదివితే ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది" అనేది. మ్యాథ్స్ లెక్చరర్లు మొదట్లో ఎగతాళి చేసేవాళ్ళు. నాలుగు ఆప్షన్లలో రెండు ఒకటేనని ఆమె రెండుసార్లు పట్టుకున్నాక నోరు మూసుకున్నారు.

ఆమె దగ్గర ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. కంప్యూటర్లు రాకముందు ఆమె కొలువు ఉత్తరాల రిజిస్టరు దగ్గర. ఒకే లెక్చరర్‌కి ఉత్తరాలు నాలుగు రకాలుగా వచ్చేవట. ఇంటిపేరు ముందు పెట్టి ఒకటి, పొడి అక్షరాలతో ఒకటి, మామగారి కేరాఫ్‌తో ఒకటి, పాత బ్రాంచి పేరుతో ఒకటి. అందుకని మనిషికో పేజీ పెట్టి, ఆ మనిషికి వచ్చే చిరునామాలన్నీ కింద కింద రాసుకునేది. ఉత్తరాలు పోయి మెయిళ్ళు వచ్చినా పుస్తకం ఆపలేదు. మెయిల్ అడ్రసులు కూడా అలాగే రాసేది. "మనిషి ఒక్కడే, పిలుపులు నాలుగు" అన్నది ఆమె మాట. రోజుకి ఒకసారైనా వినపడేది. మాకు వినీ వినీ విసుగొచ్చేది కూడా.

నేను చేరిన ఏడాదే ప్రశ్నపత్రాలు పరీక్షకి ముందే బయటికి పోవడం మొదలైంది. ఊళ్ళో ఏదో ట్యూషన్ సెంటర్లో ముందురోజే మా పేపరు రాయించేస్తున్నారని చైర్మన్ గారికి తెలిసింది. నన్ను పిలిచి మెయిళ్ళ మీద కాపలా పెట్టమన్నారు. పని సులువే. పేపర్లు చూసే తొమ్మిదిమంది అడ్రసులు ఒక జాబితాగా రాసి, వీళ్ళలో ఎవరి దగ్గర్నుంచైనా పేపరున్న మెయిలు బయటికి పోతే దాని నకలు నాకు రావాలని సర్వర్‌కి ఒక నియమం చెప్పాలి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, నేను ఒక్క పూటలో కట్టేద్దామని కూర్చున్నాను.

ఆమె తన పుస్తకం పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చింది. కుర్చీ తుడిచి కూర్చుంది.

"బాబూ, మనిషికి ఒక్క అడ్రసే రాస్తున్నారేంటండీ? డీన్ గారికి చూడండి, రెండున్నాయి. కాలేజీ పేరు మారకముందుది ఒకటి ఉందిగా, ఇప్పటికీ ఫోన్లోంచి దాంతోనే పంపుతారు. ఇదిగోండి, అన్నీ నా దగ్గరున్నాయి. చదువుతాను, రాసుకోండి."

"అక్కర్లేదు మేడమ్ గారూ" అన్నాను. "పాతదానికి పంపినా కొత్తదానికి పంపినా చేరేది ఒక్క పెట్టెకే. కంప్యూటర్‌కి ఆ మాత్రం తెలుసులెండి."

"ఉత్తరాల రోజుల్లో కొత్త పోస్ట్‌మేనూ ఇలాగే అనేవాడండీ" అంది. కోపంగా కాదు, మామూలుగానే. పుస్తకం మూసి వెళ్ళిపోయింది.

ఆమె చెప్పింది నిజం. పెట్టె ఒక్కటే గానీ, కాపలా చూసేది పెట్టెని కాదు, కవరు మీద రాసిన చిరునామాని. మనం ఒక్క రూపం చెబితే ఆ ఒక్కదాన్నే చూస్తుంది, మిగతావి దాని కళ్ళ ముందు నుంచే నడిచిపోతాయి. ఇది నా చదువులోనే ఉంది. పదో తరగతి మనిషి చెప్పిందని చెవిన పెట్టలేదు, అంతే.

మొదటి వారం నివేదికలో మూడు మెయిళ్ళు వచ్చాయి. మూడూ ఆమెవే. మోకాలి ఆపరేషనై మంగళగిరిలో ఇంటి దగ్గరున్న జువాలజీ మాస్టారికి ప్రూఫ్ చూడటానికి పంపింది. ఆయనకి కాలేజీ మెయిలు తెరవడం రాదు, సొంత అడ్రసుకే పంపమని డీన్ గారు నోటిమాటగా చెప్పారు. చెప్పినప్పుడు నేను ఆ గదిలోనే ప్రింటరు బాగు చేస్తున్నాను. నా చెవులతో విన్నాను.

చైర్మన్ గారి గదిలో నలుగురం. కాగితం నేనే అందించాను. ఆమె కుర్చీ తుడవకుండా కూర్చోవడం అదొక్కసారే చూశాను.

"డీన్ గారు పంపమంటేనే పంపానండీ. మాస్టారికి ఫోన్ చేసి అడగండి" అంది.

డీన్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "నేనలా చెప్పినట్టు నాకు గుర్తు లేదే" అన్నారు.

ఫోను ఎవరూ తియ్యలేదు. ఆమె నా వైపు తిరిగింది. "బాబూ, డీన్ గారి రెండో అడ్రసు కూడా జాబితాలో రాశారు కదా?"

అంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. రాయలేదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. డీన్ గారు చెప్పడం నేను విన్నానని ఇంకో మాట అంటే ఆ రోజే తేలిపోయేది. చైర్మన్ గారు నా మొహం చూస్తున్నారు. "అందరికీ ఒకేలాగా పెట్టానండీ" అన్నాను. అబద్ధం కాదు. అందరికీ ఒక్కొక్కటే పెట్టాను. అబద్ధం చెప్పకుండా అబద్ధమాడటం ఎంత తేలికో ఆ రోజే తెలిసింది నాకు.

"సరేనండీ" అంది ఆమె. ఆ వారంలోనే రాజీనామా రాయించుకున్నారు. సర్వీసు సర్టిఫికెట్లో "ప్రవర్తన" అని ఒక గడి ఉంటుంది. అందరికీ "తృప్తికరం" అని కొట్టిచ్చే గడి. ఆమెకి దాన్ని ఖాళీగా వదిలి ఇచ్చారు. ఇరవై ఏళ్ళుగా అందరి సర్టిఫికెట్లూ ఆమే టైపు చేసింది. తనది ఎవరో చేశారు.

ఆమె వెళ్ళిన మరుసటి వారం పేపరు మళ్ళీ బయటికి పోయింది. అప్పుడు సర్వర్‌లో పాత చిట్టా తీసి చూశాను. డీన్ గారి పాత అడ్రసు నుంచి, ఆ ట్యూషన్ సెంటర్ వాళ్ళకి, ప్రతి వారం. నా కాపలా పక్క నుంచే వెళ్ళాయి అన్నీ.

చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాల్సిన వాణ్ణి, డీన్ గారి దగ్గరికి వెళ్ళాను. "సార్, మీ పాత అడ్రసు జాబితాలో పడలేదండీ" అని నసిగాను. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకుంటాడంటారు గానీ ఆయన అదీ చెయ్యలేదు. "చేర్చెయ్యి. నీ పొరపాటు బయటికి పొక్కకుండా నేను చూసుకుంటాను" అన్నారు. ఎంత చక్కగా తిప్పారో చూడండి. పొరపాటు నాదైంది, దయ ఆయనదైంది. చేర్చాను. పేపర్లు బయటికి పోవడం ఆగింది. టైపు మేడమ్ గారు వెళ్ళాకే ఆగిందని అందరూ అనుకున్నారు. ఆరు నెలల్లో నన్ను సిస్టమ్స్ మేనేజర్ని చేశారు.

ఇంకో పని కూడా చెప్పారు డీన్ గారు. "ఆవిడ అందరికీ మెయిళ్ళు పెడుతుందేమో. ఆవిడ దగ్గర్నుంచి ఏదీ ఎవరికీ చేరకూడదు." ఈసారి నేను ఒక్క రూపంతో సరిపెట్టలేదు. ఆమె సొంత అడ్రసు రాశాను. మధ్యలో చుక్కతో, చుక్క లేకుండా రాశాను. అసలు అడ్రసు ఎవరిదైనా, పంపినవాళ్ళ పేరు ఉండే చోట ఆమె పేరుంటే చాలు, ఆపి విడిగా ఒక పెట్టెలో పడెయ్యమని రాశాను. ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, పొడి అక్షరాలతో, పెళ్ళికి ముందు ఇంటిపేరుతో సహా. మనిషి ఒక్కడే, పిలుపులు నాలుగు. ఆమె నేర్పిన పాఠం నాకు వంటబట్టింది. మొట్టమొదట దాన్ని ఆమె మీదే వాడాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ తర్వాత ఆమెని ఒక్కసారే చూశాను. ఏలూరు రోడ్డు మీద బస్టాపులో, సాయంత్రం. చేతిలో అదే బ్యాగు. చిక్కిపోయింది. నేను బండి ఆపకుండా పోదామనుకున్నాను గానీ సిగ్నల్ పడింది.

"బాగున్నారా బాబూ?" అని దగ్గరికొచ్చింది. "నా మెయిలు చేరిందాండీ?"

ఏ మెయిలో నేను చూడలేదు. చూడలేదు గానీ ఎక్కడుంటుందో తెలుసు. నేను కట్టిన పెట్టెలోనే ఉంటుంది. ఆమె మొహంలో నింద లేదు, అడగడమే ఉంది. సిగ్నల్ పచ్చబడింది. వెనకాల ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"చేరింది మేడమ్ గారూ. చూస్తాను" అన్నాను.

"చేరిందా! అయితే చాలు బాబూ" అంది. ఆ మొహం విప్పారడం నాకు ఇప్పటికీ కనపడుతుంది. అంత చిన్న అబద్ధానికి అంత సంతోషపడే మనిషిని అక్కడ నిలబెట్టి బండి నడుపుకుంటూ వెళ్ళిపోయాను. ఆఫీసుకి వెళ్ళాక ఆ పెట్టె తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. తెరిస్తే చదవాలి, చదివితే ఏదో ఒకటి చెయ్యాలి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మూడేళ్ళు గడిపాను.

కరపత్రం చూసిన మర్నాడు తెరిచాను. అయిదున్నాయి.

మొదటిది ఆమె సొంత అడ్రసు నుంచి. మంగళగిరిలో ఒక స్కూలు ఆఫీసులో టైపు పని దొరికేలా ఉందనీ, ప్రవర్తన గడి ఖాళీగా ఎందుకుందని వాళ్ళు అడుగుతున్నారనీ రాసింది. "మీరు డీన్ గారి మాట విన్నారు, ప్రింటరు దగ్గరే ఉన్నారు. నేను పేపరు బయటికి ఇవ్వలేదని ఒక్క వాక్యం రాసిస్తే వాళ్ళకి చూపిస్తాను. ఎవరి మీదా ఫిర్యాదు అక్కర్లేదు." రెండోది భర్త అడ్రసు నుంచి, పేరు తనది. మూడోది వాళ్ళ ఊళ్ళో నెట్ సెంటర్ నుంచి. నాలుగోది చర్చి ఆఫీసు అడ్రసు నుంచి, అన్నిట్లోనూ పేరు తనదే. దాంట్లో మొదటి వాక్యం: "బాబూ, కనీసం ఈ అడ్రసు నుంచి పంపితే అయినా మీకు చేరుతుందేమోనని." తను ఏ జల్లెడలో పడిందో ఆమెకి తెలుసు. ఒక్కో రూపం మార్చి చూసుకుంటూ వచ్చింది. నేను ఒక్క కన్నమైనా వదల్లేదు.

అయిదోది బస్టాపులో కలిసిన మర్నాటిది. రెండే ముక్కలు. "చేరిందని మీరు చెప్పాక ధైర్యం వచ్చింది. తీరిక చూసుకుని రాయండి బాబూ, తొందరేం లేదు." ఆ తర్వాత ఇంక రాయలేదు. ఎందుకు రాస్తుంది, చేరిందని చెప్పాను కదా.

ఆమె అడిగిన వాక్యాన్ని ఒక కాగితం మీద టైపు చేశాను. పేపర్లు ఆమె వల్ల బయటికి పోలేదనీ, ఎవరి అడ్రసు నుంచి పోయాయో, ఆ అడ్రసు నా జాబితాలో ఎందుకు లేదో, జువాలజీ మాస్టారికి పంపమన్నది ఎవరో రాశాను. సంతకం, హోదా పెట్టాను. ఒక ప్రతి చైర్మన్ గారికి ఇచ్చాను. దాని ఫలితం ఇంకా తేలలేదు, తేలినప్పుడు చూసుకుంటాను. ఇంకో ప్రతి తీసుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కాను.

ఆమె భర్త థర్మల్ పవర్ స్టేషన్‌లో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. తలుపు తీసి, నేనెవరో చెప్పగానే లోపలికి రమ్మన్నారు. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న బట్ట తీసి కుర్చీ తుడిచి, "కూర్చోండి బాబూ" అన్నారు. ఆ స్కూలు పని రాలేదట. ఇంటి దగ్గరే పిల్లలకి టైపు నేర్పుతూ, ఆదివారం చర్చిలో పిల్లలకి వాక్యం చెబుతూ ఉండేదట. చర్చిలో కొందరికి ఆ కాలేజీ సంగతి తెలిసి, పిల్లల్ని ఆమె దగ్గరికి పంపడం మానేశారట. ఏడాదిగా గుండె జబ్బు.

కాగితం ఇచ్చాను. చదివి మడిచారు.

"మాకెప్పుడూ అనుమానం లేదండీ" అన్నారు. "ఆవిడకీ మీ మీద అనుమానం లేదు. ఆ చర్చి వాళ్ళు ఏదన్నా అన్నప్పుడల్లా, 'చేరిందన్నాడు, రాస్తాడు. ఆ అబ్బాయి అబద్ధమాడే మనిషి కాదు' అనేది. ఆస్పత్రిలో కూడా అడిగింది, ఏమన్నా వచ్చిందా అని."

ఆయన మంచినీళ్ళు తెచ్చిపెట్టారు. తాగి వచ్చెయ్యొచ్చు. ఆ కాగితంతో అంతా సర్దుకుపోయినట్టే ఉంటుంది.

"చేరలేదండీ" అన్నాను. "నాకు చేరలేదు. ఆవిడ మెయిళ్ళన్నీ నేనే ఆపాను. చేరిందని అబద్ధం చెప్పాను. ఎక్కడున్నాయో తెలిసీ చూడలేదు. మొన్న చూశాను."

ఆయన తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి లోపలికెళ్ళి ఆ పొడుగాటి పుస్తకమూ ఒక పెన్నూ తెచ్చారు. నేనిచ్చిన కాగితాన్ని పుస్తకం మీద పెట్టి నా ముందుకి జరిపారు.

"ఈ మాట ఇందులో లేదుగా బాబూ" అన్నారు. "ఇదీ రాయండి."

రాశాను. అడుగున చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి రాశాను. బస్టాపు, సిగ్నలు, అయిదు మెయిళ్ళు, మూడేళ్ళు, అన్నీ. మళ్ళీ సంతకం పెట్టాను. ఆయన కాగితం తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, నా సంతకం దగ్గర వేలు పెట్టారు. అక్కణ్ణుంచి ఒక్కో వాక్యమే పైకి చదువుకుంటూ వెళ్ళారు.